మంచు బండికి అడిగిన పుట్టినతేదీ

మంచు మీద మోటారు బండి నడపడానికి కూడా కాయితాలుంటాయని నాకేం తెలుసు? తనుండే నేపర్‌విల్ నుంచి విస్కాన్సిన్ అడవుల దాకా కారులో కూర్చోబెట్టి నా నడుం విరగ్గొట్టాడు మా అబ్బాయి రఘువీర్. ఆఫీసు స్నేహితుడి స్నోమొబైల్ అడిగి తెచ్చి, వెనక నన్నెక్కించుకుని కాస్త దూరం పోయాడో లేదో, అడవి బాటలు కాపలా కాసే వార్డెన్ ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

బండికి పాస్ ఉంది, నంబరు ఉంది. అన్నీ చూసి, సేఫ్టీ సర్టిఫికెట్ ఏదన్నాడు. వీడు తెల్లమొహం వేసి కారు లైసెన్సు చూపించాడు. అది చాలదట. పబ్లిక్ బాట మీద ఈ బండి నడపాలంటే, 1985 జనవరి ఒకటి నుంచి పుట్టినవాళ్ళంతా క్లాసు పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలట. అంతకుముందు పుట్టినవాళ్ళకి అక్కర్లేదట. లైసెన్సులో వీడి తేదీ 1985 జూన్.

నాకు ఒళ్ళు మండింది. వీడు పుట్టింది ఎనభై నాలుగులో. రేపు గవర్నమెంటు ఉద్యోగం వస్తే రిటైర్మెంటు కాస్త ఆలస్యమవుతుందని, బళ్ళో వేసేటప్పుడు మా ఆయన వయసు తగ్గించి రాయించారు. మా వీధిలో సగం మంది పిల్లలు అలా జూన్‌లోనే పుట్టారు. ఆ ఉద్యోగం రానే లేదు. ఇప్పుడు నా కొడుక్కి ఫైన్ రాస్తుంటే చూస్తూ కూర్చోనా? బండి దిగి, హెల్మెట్ తీసి, వచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను.

"డేట్ రాంగ్ సార్. మదర్ కరెక్ట్. మై డెలివరీ, ఎయిటీ ఫోర్."

వార్డెన్ రాసేవాడల్లా ఆగాడు. అయితే ఇతని కాయితాల్లో ఉన్నది తప్పుడు తేదీయా అని అడిగాడు. రఘువీర్ నా చెయ్యి పట్టి లాగి, తెలుగులో అందుకున్నాడు.

"అమ్మా, నీకు దండం పెడతా, ఊరుకో. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పాస్‌పోర్ట్‌లో కూడా అదే డేట్."

ఆ కార్డు కోసం వీడు ఏళ్ళ తరబడి పడుతున్న అవస్థ నాకు తెలుసు. కానీ పురిటినొప్పులు పడ్డదాన్ని నేను. ఆ రోజే మరిచిపోయానని నా నోటితో నేనే చెప్పాలా? చెప్పాను. ముసలిదాన్ని సార్, మతిమరుపు, పాస్‌పోర్టే కరెక్టు అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. అది నటన కాదు.

వార్డెన్ మెత్తబడ్డాడు. ఈసారికి ఫైన్ వద్దుగానీ, ఇతను మాత్రం బండి ముట్టుకోకూడదన్నాడు. మరి తిరిగి వెళ్ళేదెలా? నా వయసడిగాడు. అరవై ఆరన్నాను. చట్టప్రకారం ఇక్కడ మీ ఇద్దరిలో ఇది నడపగలిగేది మీరొక్కరేనని నవ్వాడు.

లూనా మీద ఆఫీసుకెళ్ళి వచ్చినదాన్ని, నాకేం భయం? ఇది మరీ తేలిక. బొటనవేలితో నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. నేను ముందు, నలభై దాటిన నా కొడుకు వెనక. ఓ మలుపు తిరిగాక, మోటారు చప్పుడు మీద అరిచి అడిగాడు, నేను పుట్టినరోజు నువ్వు నిజంగానే మరిచిపోయావా అని.

"గ్రీన్ కార్డ్ వచ్చాక చెప్తా," అన్నాను. "ముందు గట్టిగా పట్టుకో."