చుక్కల మందు

రాజమండ్రిలోని పిల్లల ఆసుపత్రికి దేవిశ్రీ చేరేసరికి అక్క సత్యలక్ష్మి కూతురు చిన్నికి సెలైన్ ఎక్కుతోంది. ఏడాది దాటిన పిల్ల. విరేచనాలతో కళ్లు లోపలికి పీక్కుపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

"రోటా వైరస్ అంటండి. దానికి చుక్కల మందు వేయించలేదా అనడిగారు డాక్టరుగారు," అన్నాడు బావ కాశీవిశ్వనాథం. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం ఆయనది. బేరం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా మీద అరటి కర మరకలు అలాగే ఉన్నాయి.

దేవిశ్రీకి ఆ ఫోన్ గుర్తొచ్చింది. చిన్ని నెలల పిల్లగా ఉన్నప్పుడు అక్క ఫోన్ చేసింది. "పిల్లకి కాస్త జలుబు చేసిందే. ఇవాళ చుక్కలు వేయించమంటావా, వద్దా?" అని. అప్పుడు దేవిశ్రీ ల్యాబ్‌లో ఉంది. పేగుల్లోని రోగనిరోధక కణాల మీదే ఆమె పరిశోధన. "ప్రయోగం మధ్యలో ఉన్నానక్కా, మళ్లీ చేస్తాను," అని పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు. జలుబుతో వద్దని ఇంట్లో ఎవరో అన్నారట. ఆ వాయిదా అలాగే ఉండిపోయి, చుక్కలు వేసే వయసే దాటిపోయింది. మామూలు జలుబుకి ఆపక్కర్లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది.

సాయంత్రానికి చిన్ని కాస్త తేరుకుని నిద్రపోయింది. సత్యలక్ష్మి వరండాలోకొచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది.

"ఆ చుక్కలు లోపలికెళ్లి ఏం చేస్తాయే?"

దేవిశ్రీ తలెత్తకుండానే చెప్పింది. "వాటిలో బలం తగ్గించిన వైరస్ ఉంటుందక్కా. పేగు గోడ దగ్గరి కణాలు కొన్ని దాన్ని పట్టుకుని, ముక్కలు చేసి, ఇంకో రకం కణాలకి చూపిస్తాయి. అది శత్రువేనని అవి తేల్చుకుని, మూడో రకం కణాలకి దన్నుగా నిలుస్తాయి. ఆ మూడోవి యాంటీబాడీలు తయారుచేస్తాయి. అసలు వైరస్ వచ్చినప్పుడు ఆ యాంటీబాడీలు దాన్ని పేగు గోడకి అంటుకోనివ్వకుండా అడ్డుపడతాయి. జబ్బు అసలు రాదని కాదు, వచ్చినా ఇంత ముదరదు. ఏ కణమూ ఒక్కటే ఇదంతా చెయ్యలేదు. ఒకదానికొకటి కబురందించుకోవాలి."

"ఎంత బాగా చెప్పావే! ఆ రోజు ఇందులో ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది," అంది సత్యలక్ష్మి. గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని దేవిశ్రీకి అనిపించింది.

"తప్పయిపోయిందక్కా."

"నేనైనా మళ్లీ అడగాల్సింది. పెద్ద పనుల్లో ఉంటావు కదాని ఊరుకున్నాను."

పిల్లకి గండం గడిచింది. ఇంటికి బయలుదేరేటప్పుడు కారు దగ్గర దేవిశ్రీ చేతులు చాపితే, చిన్ని మొహం తిప్పేసుకుని వాళ్లమ్మ మెడ కరుచుకుంది.

"ఏమనుకోకు. కొత్త కదే, నిన్నెప్పుడు చూసిందని?" అంది సత్యలక్ష్మి.

దేవిశ్రీ చేతులు దించుకుని, వాళ్లెక్కాక కారు తలుపు మెల్లగా వేసింది.