ఎండకు మూసుకున్న కళ్ళు

పెంకుల సందులోంచి ఎండ.

చిన్న బిళ్ళంత ఎండ. పొద్దున గుమ్మం పక్క గోడ మీద ఉంటుంది. మెల్లగా దిగి, మగ్గం మీదికొచ్చి, నేసిన బట్ట మీద కాసేపు కూర్చుని, నేసే మనిషి చేతులు దాటి, సాయంత్రానికి ఎదురుగోడ ఎక్కి మాయమవుతుంది. ఎవరినీ పలకరించదు. ఆ ఇంట్లో మనుషులకు ఉన్న అలవాటే ఎండకూ వచ్చింది.

కాశిబుగ్గలో ఇల్లు. ఇంట్లో ముగ్గురు.

మగ్గం నేసేది వెంకటరాజం. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంటాడు. వంట చేసేది అతని తల్లి రాములవ్వ. ఆమె మాటలన్నీ పొయ్యితోనే. చదువుకునేది కూతురు కళావతి.

ముగ్గురు మనుషులున్నా, ఆ ఇంట్లో మాట్లాడేది మగ్గం ఒక్కటే.

"తిన్నవా?" అంటాడు బాపు.

"తిన్న" అంటుంది కళావతి.

అంతే. అదే పొద్దున, అదే రాత్రి. అడిగేటప్పుడు అతని చూపు పోగు మీద ఉంటుంది. ఎక్కడ పోగు తెగినా ఇట్టే పట్టేసే మనిషి. కూతురి రెండు జడలు ఎప్పుడు ఒక్క జడ అయ్యాయో చూడలేదు.

అమ్మ లేదు.

అమ్మ పేరు సరోజన. కళావతి ఇంకా బడికి పోకముందే, జ్వరంతో దవాఖానకు పోయింది. తిరిగి రాలేదు. కళావతికి గంజిపెట్టిన చీర వాసన గుర్తుంది. నుదుటి మీద ఒక అరచెయ్యి గుర్తుంది. మొహం గుర్తులేదు. ఎంత వెతికినా... అరచెయ్యి దగ్గరే ఆగిపోతుంది.

ఎమర్జెన్సీ అయిపోయిన ఏడు, కళావతి హనుమకొండలో బొమ్మల క్లాసులో చేరింది. చౌరస్తా దగ్గర, మేడ మీద, రెండు గదులు. బయట బోర్డు మీద కమర్షియల్ ఆర్ట్ అని ఉంటుంది. క్లాసులో ఆడపిల్ల ఒక్కతే. అందుకని బెంచీ అంతా ఆమెదే. అంత పెద్ద బెంచీ ఎవరికి కావాలి.

మొదటి ప్రాజెక్టు — సబ్బు మీద చుట్టే కాగితం.

అక్షరాలు గుండ్రంగా, నురగలా తేలిపోయేట్టు రాసింది. నేర్పించే కిషన్ రావు సార్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, "నీట్‌గ ఉంది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట ఎవరూ వినలేదు. ఇంటికి తెచ్చి మగ్గానికి ఎదురుగోడకు అంటించింది. బాపు తలెత్తితే కనిపించేట్టు.

సాయంత్రం ఎండ వచ్చింది. చూసి పోయింది.

బాపు తలెత్తలేదు.

రెండో ప్రాజెక్టు — అగ్గిపెట్టె బొమ్మ. నెమలిని గీసింది. ఇంత చిన్న చోట అంత పెద్ద తోకను ఎట్లా మడవాలో తెలియక చాలా కాగితాలు పాడుచేసింది. చివరికి తోక కుదిరింది. అదీ గోడకు అంటించింది.

ఎండ చూసి పోయింది.

బాపు నాడెలో నూలు కండె మార్చుకున్నాడు.

ఇక ఆఖరి ప్రాజెక్టు.

"ఇంట్ల ఉన్న పాత ఫోటో ఒకటి తీస్కరాండ్రి" అన్నాడు కిషన్ రావు సార్. "పాడైందైతే ఇంకా మంచిది. దాన్ని బాగుచేసి, పెద్దగ చేసి, ఫ్రేములకు పనికొచ్చేటట్టు తయారుచెయ్యాలె."

ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో.

అదీ గోడ మీద లేదు. ట్రంకుపెట్టెలో, అమ్మ పెళ్ళిచీర కింద బోర్లా పడుకుని ఉంది. పాలకుర్తిలో ఎవరిదో పెళ్ళి. వెలుతురు సరిపోవాలని ఫోటో తీసేవాడు అందరినీ ఎండకు ఎదురుగా నిలబెట్టాడు. అందరూ కళ్ళు చికిలించారు. చివరన నిలబడ్డ సరోజన మాత్రం పూర్తిగా మూసుకుంది.

ఆమె బతికిన కాలమంతటికీ మిగిలింది ఆ ఒక్క క్షణం. ఆ క్షణంలోనే కళ్ళు మూసుకుంది.

"కండ్లు మూసిన ఫోటువ గోడకు పెట్టద్దు" అన్నది రాములవ్వ అప్పట్లో. "పీనుగను చూసినట్టుంటది."

అందుకే పెత్రమాస నాడు వాడంతా చనిపోయినవాళ్ళ ఫోటోలకు దండలు వేస్తే, వీళ్ళు ఉత్త గోడకు బొట్టు పెట్టి దండం పెట్టుకునేవాళ్ళు. కళావతి చిన్నప్పుడు అమ్మ గోడలోకి పోయిందనుకునేది. కొన్నాళ్ళు గోడకు చెవి పెట్టి విన్నది కూడా.

ఫోటో తీసుకుని బస్సెక్కింది.

ఫోటోను మళ్ళీ ఫోటో తీయాలి. పెద్దగా అచ్చు వేయాలి. ఆ అచ్చు మీద సన్నటి కుంచెతో, నలుపూ తెలుపూ రంగులతో పని చేయాలి. ఎక్కువైన చోట బ్లేడు అంచుతో గీకాలి. కళావతి వేళ్ళకు ఆ పని వచ్చు. ముందు పెళ్ళివాళ్ళను చెరిపేసింది. అమ్మ భుజం మీద పడ్డ పెదనాయిన మోచెయ్యిని తీసేసింది. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, పాపం. చిరిగిన మూలను అతికించింది. చీర అంచు కలిపింది. ముక్కు, పెదవులు, చెవి కమ్మ... అన్నీ ఒక్కటొక్కటే వెలుతురులోకి వచ్చాయి.

కళ్ళు మిగిలాయి.

మూసిన రెప్పల కింద ఏముందో కుంచెకు తెలియదు.

పొయ్యి దగ్గర కూర్చుని నాయినమ్మను అడిగింది. "అమ్మ కండ్లు ఎట్లుండేవే?"

"కండ్లెట్లుంటయే. కండ్ల లెక్కనే ఉండె" అన్నది రాములవ్వ, పుల్ల లోపలికి తోస్తూ.

మగ్గం దగ్గరికి పోయి నిలబడింది. నాడె ఇటు పోయింది. అటు పోయింది.

"బాపూ..."

"ఏంది?"

చూపు పోగు మీద.

"ఏం లేదు."

నాడె ఇటు పోయింది. అటు పోయింది.

మర్నాడు క్లాసు కిటికీ దగ్గర, తన ఖాళీ బెంచీ మీద, చేతి అద్దం నిలబెట్టింది. అమ్మ రెప్పలను తెల్లరంగుతో మెల్లగా కప్పింది. అద్దంలోకి చూసింది. గీసింది. మళ్ళీ చూసింది. మళ్ళీ గీసింది. కనురెప్ప వంపు. నల్లగుడ్డు. అందులో కిటికీ వెలుతురు, ఆవగింజంత.

తన కళ్ళలోకి అంతసేపు ఎవరైనా చూడటం అదే మొదటిసారి. ఆ చూసింది కూడా తనే.

"నీట్‌గ ఉంది" అన్నాడు సార్. తర్వాత వంగి, వేలు పెట్టి చూపించాడు. "ఈ చుక్క ఏంది? మచ్చ మిగిలింది చూడు. తీసెయ్."

కంటి కొస దగ్గర చిన్న నల్ల చుక్క.

కళావతికి కుడి కంటి కొసన పుట్టుమచ్చ ఉంది. చెయ్యి దాన్ని కూడా దింపేసింది. అద్దంలో చూసి గీసింది కనుక ఫోటోలో అది అమ్మ ఎడమ కంటికి వచ్చింది. మచ్చలు తీయడమే నేర్చుకున్న పిల్ల, లేని మచ్చను పెట్టింది.

బ్లేడు తీసుకుంది. ఒక్క గీటు చాలు.

చెయ్యి రాలేదు.

ఉండనీ అనుకుంది. గోడ మీద ఉంటుంది. బాపు చూస్తాడు. ఎప్పుడో ఒకప్పుడు తలెత్తి, ఇది నీ కన్ను కదా బిడ్డా — అంటాడు. అంత పొడుగు మాట అనకపోయినా సరే. ఒక్కసారి ఫోటోను చూసి, ఒక్కసారి తనను చూస్తే చాలు. ఆ పిల్లకు కావలసింది అంతే. అంతకుమించి ఆమె ఎవరినీ ఏదీ అడగలేదు.

"మా అమ్మకు ఉండెనట సార్" అన్నది.

పెత్రమాస వచ్చింది.

వాడంతా తంగేడు పూలు, గునుగు పూలు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. గుమ్మాల ముందు ఆడపిల్లలు తల్లుల పక్కన కూర్చుని పూల కట్టలు విప్పుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి, పాతచీరలో చుట్టిన ఫ్రేము చంకన పెట్టుకుని, కళావతి నడిచి వచ్చింది.

రాములవ్వ చూసి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చింది.

"సరోజన కండ్లు తెరిచిందిర రాజం."

మగ్గం ఆగింది.

ముసలమ్మ ఫ్రేము దగ్గరికి వంగింది. కళ్ళు తుడుచుకుని ఇంకా దగ్గరికి వంగింది. "గీ మచ్చేందే? సరోజనకు గీడ మచ్చెక్కడిది?"

కళావతి బాపు వైపు చూసింది.

ఇప్పుడు.

వెంకటరాజం మగ్గం గుంటలోంచి లేచాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఫ్రేమును రెండు చేతులా పట్టుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలితో అద్దం మీద, ఆ చుక్క మీద, మెల్లగా రుద్దాడు. చెరిగిపోతుందేమో చూసినట్టు... లేక చెరిగిపోకూడదని తడిమినట్టు.

"ఉండె" అన్నాడు.

"నాకు యాదికి లేదాయె."

"ఉండె అవ్వా."

ఫోటోను మగ్గానికి ఎదురుగోడకు తగిలించాడు. సబ్బు కాగితానికీ అగ్గిపెట్టె నెమలికీ నడుమ. సరోజన పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చారు. దండ వేశారు. దండం పెట్టుకున్నారు.

కళావతి వైపు తిరగలేదు.

కొన్నాళ్ళకు పరీక్ష ఫలితం వచ్చింది. పాసైంది. నాయినమ్మకు చెప్పింది. బాపుకు నాయినమ్మ చెప్పి ఉంటుంది.

ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే, లోపల్నుంచి మాటలు వినిపించాయి. చుట్టాలెవరో వచ్చారనుకుంది. గుమ్మంలో ఆగింది.

చుట్టాలు లేరు. నాయినమ్మ లేదు. గుమ్మానికి వీపు పెట్టి బాపు నేస్తున్నాడు. నేస్తూ గోడ మీది కళ్ళతో మాట్లాడుతున్నాడు.

"పిల్ల పాసైంది సరోజనా... సబ్బు కాగితం మీద అచ్చరాలు చూస్తివా? నురగ లెక్క తేలుతాంటయి. నెమలి తోకనైతే ఎట్ల మడిచిందో... నేను రోజు చూస్త. చూసుకుంటనే నేస్త."

నాడె ఇటు పోయింది. అటు పోయింది.

"నాతోని మాట్లాడది. ఏందన్న అడిగితె, ఏం లేదంటది. నాకేమో అడుగరాదు."

కళావతి గడప మీద కాలు పెట్టింది. తీసేసింది.

ఒక్క అడుగు వేసి చెప్పొచ్చు. ఆ కళ్ళు నావే బాపూ, నాతోనే మాట్లాడుతున్నావు — అని. చెబితే గోడ మళ్ళీ ఉత్త గోడ అవుతుంది. ఇన్నేళ్ళకు నోరు విప్పిన మనిషి మళ్ళీ పోగులోకి తల దించేస్తాడు. చెప్పకపోతే... తన కళ్ళను చూస్తూ, తనను చూడకుండా, ఇట్లాగే మాట్లాడుతుంటాడు.

మచ్చ కూతురిదని తెలిసే ‘ఉండె’ అన్నాడా? నిజంగా మరిచిపోయి అన్నాడా?

అతని వీపు ఏమీ చెప్పలేదు.

చాలా దిగులేసింది. సంతోషంగా కూడా ఉంది. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

పెంకుల సందులోంచి ఎండ. బట్ట మీద కూర్చుంది. బాపు చేతులు దాటింది. ఎదురుగోడ ఎక్కింది. నెమలి మీదుగా మెల్లగా జరిగి, ఫోటోలో కళ్ళ మీదికొచ్చింది.

ఆ కళ్ళు మూసుకోలేదు.

కళావతి వీధి వైపు తిరిగింది. ఎదురుగా పడమటి ఎండ. మొహం నిండా.

కళ్ళు మూసుకుంది.

వెనక మగ్గం ఆగింది.

"తిన్నవా?" అన్నాడు బాపు.

ఫోటోను అడిగాడా... తననా. తిరిగి చూస్తే తెలుస్తుంది.

తిరగలేదు. ఎండకు ఎదురుగా, కళ్ళు మూసుకుని, అట్లాగే నిలబడింది.