మైకు నోరు మూసుకున్న రోజు

ఆ బస్సులో ఏసీ బిగించినవాడికి మనుషులతో ఏదో పాతకక్ష ఉండి ఉండాలి. లేకపోతే బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే, లోపల జనం పళ్ళు టకటకలాడించుకుంటూ, ఇచ్చిన దుప్పట్లు చాలక కిటికీ తెరలు కూడా ఒంటికి చుట్టుకుని కూర్చోవలసిన ఖర్మ ఏమిటి? కిటికీలు చూడడానికే తప్ప తెరవడానికి కావు. తలమీద గాలి వచ్చే కన్నానికి తిప్పి మూసుకునే మూత ఉంటుంది. అన్ని సీట్లకూ ఉంది. మన మైకు కూర్చున్న సీటుకు మాత్రం అది ఎప్పుడో ఊడిపోయింది. గాలి సరాసరి ఆమె మెడమీదికి దిగుతోంది.

మైకు అన్నది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు. బస్టాండులో ప్రకటనలు చదివే పిల్ల కాబట్టి కూలీల దగ్గర్నుంచి డ్రైవర్ల దాకా అందరూ కలిసి పెట్టిన పేరు. "ప్రయాణికులకు గమనిక" అని ఆమె మొదలుపెట్టిందంటే సగం తాగిన టీ గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తేవారు జనం. ఆ గొంతు వినబడక బస్సు తప్పిపోయిందన్నవాడు ఇంతవరకూ లేడు. ఇంత చేసినా ఉద్యోగం మాత్రం రోజుకూలీ. ఏ రోజు వద్దంటే ఆ రోజు ఇంటికి పోవడమే. అలాంటిది రేపు పొద్దున్న పెద్ద నగరంలో, కొత్తగా కట్టిన విమానాశ్రయంలో గొంతు పరీక్ష. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. వస్తే జన్మకు సరిపడా స్థిమితం. రాకపోతే మళ్ళీ ఆ దుమ్ము పట్టిన గది, ఆ చిల్లుపడ్డ కుర్చీ.

గొంతు సంగతిలో ఆమెకు గురువు పిన్ని. రేడియోలో వార్తలు చదివి రిటైరైన మనిషి. "పరీక్షకు ముందురోజు నిద్ర లేచిన దగ్గర్నుంచి ఆ గదిలో అడుగు పెట్టేదాకా నోరు తెరవకు. గుసగుసలు అసలే వద్దు, అవి మరీ చేటు. గొంతంటే కొత్త పెళ్ళికూతురనుకో. గడప దాటనివ్వకూడదు" అని చెప్పింది. అన్నయ్య తన వంతు ప్రేమ తనూ చూపించాడు. మామూలు బస్సులో దుమ్ముకు గొంతు పాడవుతుందని పట్టుబట్టి ఏసీ బస్సుకు టికెట్టు కొన్నాడు. ఇద్దరి ప్రేమా కలిసి ఆ పిల్లను ఈ ఐసుపెట్టెలో, నోరు లేకుండా కూర్చోబెట్టాయి.

శాలువ ఉంది. అడుగున డిక్కీలో, సూట్‌కేసులో, అన్నిటికన్నా పైన భద్రంగా ఉంది. బయట అంత ఎండ కాస్తుంటే చేతిలో శాలువ పట్టుకు తిరగడానికి సిగ్గేసి లోపల పెట్టేసింది.

గొంతులో మొదటి దురద మొదలవగానే మైకు ఫోనులో టైపు చేసి అటెండెంటుకు చూపించింది. చలి ఎక్కువగా ఉంది, ఏసీ తగ్గించండి, శాలువ డిక్కీలో ఉంది, తీసివ్వండి. అతను ఫోను దూరంగా పెట్టుకుని చదివాడు.

"డ్రైవరన్న ముందర అద్దంలోంచి ఎండ కొడుతుంటే, ఇంజను పక్కన ఉడికిపోతున్నాడమ్మా. ఉన్నది ఒకటే మిషను. ఆయనకు కాస్త చల్లబడాలంటే వెనక మీరు గడ్డకట్టాల్సిందే. డిక్కీ అంటారా, దారిలో తియ్యం."

చెప్పి, ముందున్న గాజు తలుపు తీసుకుని డ్రైవరు దగ్గరికి పోయి తలుపు మూసేసుకున్నాడు. ఆ తలుపుకు అవతల వేసవి, ఇవతల హిమాలయం.

పక్కసీటులో బట్టలు కుట్టే ఆవిడ. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి వీపు కొంచెం ముందుకు వంగింది. బస్సెక్కిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంది. మైకు గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఈ రోజు మాట్లాడను అని ఆమె ఉద్దేశం. ఆవిడ మొహం ఒక్కసారిగా కరిగిపోయింది.

"అయ్యో తల్లీ! మాటలు రావా? పుట్టుకతోనేనా?"

మైకు కంగారుపడి, రేపు గొంతు పరీక్ష ఉందని, అందుకే మాట్లాడడం లేదని ఫోనులో టైపు చేసి చూపించింది. "కళ్ళజోడు పెట్టెలో ఉండిపోయిందమ్మా, నాకిదంతా చీమలబారు" అంది ఆవిడ. తల అడ్డంగా ఊపితే, "అవునులే, ఎవరి రాత వాళ్ళది" అంది. ఇంకా ఊపితే, "ఊరుకో, బాధపడకు" అని వీపు నిమిరింది. ఇక మైకు చేతులెత్తేసింది.

ఆవిడ చేతులు మాత్రం ఊరుకోలేదు. లేచి నిలబడి బస్సంతా వినబడేలా, "ఏవండీ, ఇక్కడ నోరులేని పిల్ల చలికి చచ్చిపోతోంది, ఎవరికీ పట్టదా?" అంది. దుప్పట్లు పంచినప్పుడు మైకు వంతుది కూడా కలిపి రెండు నొక్కేసిన టోపీ పెద్దాయన ముందు కిటికీ బయటికి చూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారని తెలిశాక ఒక దుప్పటి తీసి ఇచ్చాడు. ఆవిడ తన చేతిరుమాలు ఉండ చేసి గాలి కన్నంలో కుక్కింది. కాసేపటికి గాలి ఆ ఉండను తన్నేసింది. అది వెళ్ళి టోపీ పెద్దాయన ఒళ్ళో పడింది. మళ్ళీ కుక్కింది, మళ్ళీ తన్నేసింది. మైకుకు నవ్వొచ్చింది. నవ్వితే గొంతు కదులుతుందని పెదవులు కొరుక్కుంది.

కన్నం మీద ఆశ వదులుకున్నాక ఆవిడ మైకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ రుద్దుతూ గొంతు తగ్గించింది.

"నీకు చెప్తే గోడకు చెప్పినట్టేగా తల్లీ. తప్పుగా అనుకోకు. ఇంట్లో స్నేహితురాలి దగ్గరికని చెప్పి వచ్చాను. స్నేహితురాలు లేదు, ఏమీ లేదు. ఆస్పత్రికి పోతున్నా. రొమ్ములో గడ్డ. పోయినసారి ముక్క తీసి పరీక్షకు పంపారు. అదేమిటో ఇవాళ చెప్తారు. ఆ పెద్ద డాక్టరు ఇవాళ ఉంటాడు, తర్వాత సెలవు మీద పోతాడట. మా ఆయనకు చెప్తే ముందే ఏడుస్తాడు. పిల్లలకు చెప్తే పనులు మానుకుని వస్తారు. అందుకే ఎవరికీ చెప్పలా."

మైకుకు వినకూడని మాట విన్నానన్న సిగ్గు, వినకపోతే ఈవిడ ఇంకెవరికీ చెప్పేది కాదన్న జాలి, రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఒక్క మాట, ధైర్యంగా ఉండమ్మా అన్న ఒక్క మాట, నాలుక చివరిదాకా వచ్చింది. పిన్ని గుర్తొచ్చింది. ఇన్ని గంటలు కాపాడుకున్నది గుర్తొచ్చింది. పైగా ఇప్పుడు నోరు తెరిస్తే ఈవిడ ఏమైపోతుంది? గోడకు చెవులున్నాయంటేనే భయపడతాం. నోరు కూడా ఉందంటే? మైకు ఆ చేతులను గట్టిగా పట్టుకుని ఊరుకుంది. చలిలో ఒక జైలు, మౌనంలో ఒక జైలు, ఇప్పుడు ఈ అబద్ధంలో మూడోది.

మధ్యాహ్నం భోజనానికి బస్సు ఆపారు. మైకు దిగి ఎండలో పిల్లిలా నిలబడింది. ఒళ్ళు తేరుకుంది గాని గొంతులో ముల్లు దిగబడినట్టే ఉంది. డిక్కీ తాళాలున్న అటెండెంటు డ్రైవరుతో కలిసి ఎక్కడో లోపల తింటున్నాడు. వెతికి వెతికి, వేడినీళ్ళు తాగి వచ్చి కూర్చుంది.

పక్కావిడ కిందనుంచే కిటికీ అద్దం తట్టి, "బాత్రూముకు పోయొస్తానమ్మడూ, బస్సు కదిలితే చెప్పు" అంది. అని తనే నవ్వేసింది. "నా మతిమండ, నువ్వెక్కడ చెప్తావులే!"

ఆ బస్సులో తలలు లెక్కపెట్టే అలవాటు లేదు. లెక్కపెట్టినా లాభం లేదు. ఆ చలికి అందరూ నెత్తిమీది దాకా కప్పుకుని ముడుచుకుంటే ఏది మనిషో ఏది దుప్పటి మూటో తెలిసి చావదు. అందుకని అటెండెంటు గాజు తలుపు దగ్గరే నిలబడి, "పక్కసీటువాళ్ళు రాకపోతే చెప్పండి!" అని అరిచేవాడు. ఎవరూ పలకకపోతే అందరూ వచ్చినట్టే లెక్క.

ఆ రోజూ అలాగే అరిచాడు. ఎవరూ పలకలేదు. పలకవలసినది ఒక్కతే. ఆమె లేచి రెండు చేతులూ ఊపింది. ముందు సీట్ల వీపులు, తెరలు, వేలాడుతున్న సంచులు అడ్డం. అతను అప్పటికే అటు తిరిగి తలుపు మూసుకున్నాడు. బస్సు కదిలింది.

మైకు ముందుకు పరుగెత్తింది. దారిలో ఎవరిదో మూట కాళ్ళకు తగిలి మోకాళ్ళ మీద పడి లేచింది. ఫోనులో టైపు చేద్దామంటే బస్సు కుదుపులకు ఒక్క అక్షరం కుదరడం లేదు. గాజు తలుపు మీద రెండు చేతులా బాదింది. అటెండెంటు వెనక్కి తిరిగి చూసి, చిటికెనవేలు ఎత్తి, 'ఇప్పుడేగా ఆపాం, ఓర్చుకో' అన్నట్టు సైగ చేసి మళ్ళీ ముందుకు తిరిగాడు. వెనక టీవీలో ఎవరో ఎవరినో కొడుతున్నారు. అద్దంలోంచి హోటలు చిన్నదైపోతోంది. బస్సు పెద్దరోడ్డెక్కితే ఇక వెనక్కి తిరగదు. పెద్ద డాక్టరు సెలవు మీద పోతాడు. ఆవిడ ఆ గడ్డను మోసుకుని, లేని స్నేహితురాల్ని చూసివచ్చినట్టు ఇంటికి పోతుంది.

రేపటి పరీక్ష ఆమెకు గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చింది. స్పష్టంగా గుర్తొచ్చింది.

"ఆపండి!"

ముందు గాలి వచ్చింది గాని మాట రాలేదు. ఇన్ని గంటల చలికి గొంతు చెక్కబారిపోయి ఉంది. ఊపిరి కడుపులోంచి లాగి మళ్ళీ అరిచింది.

"ఆపండి! మనిషి ఉండిపోయింది! ఆపండి!"

బస్టాండంతా వినే గొంతు అది, మైకు లేకుండా, గాజు తలుపును దాటుకుని పోయింది. చివరి మాట దగ్గర లోపల ఏదో గుడ్డ చినిగినట్టు చినిగింది. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. సీట్ల మీదున్న మూటలన్నీ మనుషులై లేచి కూర్చున్నాయి.

బస్సు రోడ్డు పక్కన నిలబడి ఉండగా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, ఎర్రబడ్డ మొహంతో పరుగెత్తుకొచ్చి ఎక్కింది. అటెండెంటు గొణుగుతూనే ఉన్నాడు. "మీ మూగపిల్లే అరిచిందమ్మా. నోరు లేదన్నారు, మా చెవులు పగిలాయి."

టోపీ పెద్దాయన లేచి మైకు దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచాడు, అంతే. మైకు దుప్పటి మడిచి ఇచ్చేసింది. ఎవరో వెనక నుంచి, "ఎన్ని నాటకాలు చూడలేదు" అన్నారు. మైకు మోకాలు మంట పుడుతుంటే తన సీటులో, ఆ కన్నం కింద కూర్చుంది. ఆవిడ పక్కన కూర్చుని, మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. ఆ చలికన్నా ఆ మౌనమే ఎక్కువగా కోసింది. బస్సు చాలా దూరం పోయింది.

చివరికి ఆవిడే అంది. "మాటలొచ్చుండి ఎందుకమ్మా అలా చేశావు? నేను నా కడుపులోదంతా కక్కుకున్నానే."

మైకు చెబుదామని నోరు తెరిచింది. పరీక్ష, పిన్ని, విమానాశ్రయం, అన్నీ చెబుదామని. పెదవులు కదిలాయి. శబ్దం లేదు. మళ్ళీ ప్రయత్నించింది. కుళాయిలో నీళ్ళు రానప్పటి చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. అప్పుడు మైకు ఏడ్చింది. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే.

ఆవిడ కంగారుగా ఫోను లాక్కుని, వెనక సీటతన్ని లేపి, ఆ పిల్ల టైపు చేసినదంతా చదివించుకుంది. అతను చదువుతుంటే ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చదవడం అయ్యాక చాలాసేపు మైకు మెడమీద తన అరచెయ్యి అడ్డంగా పెట్టి, గాలి తగలకుండా అలాగే ఉంచింది. ఆ చెయ్యి నీలంగా మారినా తియ్యలేదు.

ఆస్పత్రి ముందు బస్సు ఆగింది. మైకు దిగవలసింది అక్కడ కాదు, ఇంకా ముందు. ఆవిడ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "దిగు. అక్కడ గొంతు డాక్టరు కూడా ఉంటాడు." అప్పుడు తీశాడు అటెండెంటు డిక్కీ. నిప్పులు చెరుగుతున్న ఎండలో మైకు సూట్‌కేసు చేతికొచ్చింది, అందులో శాలువతో సహా.

గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల వాచిందని, వాపు తగ్గేదాకా రోజుల తరబడి నోరు మెదపవద్దని చెప్పాడు. రేపటి సంగతి మైకు అడగలేదు. అడగడానికి గొంతు లేదు, అడగవలసిన అవసరమూ లేదు.

పైన పెద్ద డాక్టరు గది ముందు కుర్చీలు. అక్కడా ఏసీయే. అదే చలి. మైకు సూట్‌కేసు తెరిచి శాలువ తీసింది. సగం తను కప్పుకుని, సగం ఆవిడ భుజాల మీద వేసింది. ఇద్దరూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు. గోడమీది స్పీకరులో ఎవరో నమిలి నమిలి పేర్లు పిలుస్తున్నారు. ఒక్క పేరూ తిన్నగా తెలియడం లేదు. ఆవిడ చేతిలోని చీటీ మీద ఉన్న పేరు పిలిచేసరికి మైకుకు మాత్రం తెలిసింది. ఆవిడ మోచేతిని తట్టి, లోపలి గదివైపు చూపించింది.

ఆవిడ లేవలేదు. బస్సంతటినీ ఆడించిన మనిషి కుర్చీకి అతుక్కుపోయింది. స్పీకరు మళ్ళీ పిలిచింది. మైకు లేచి చెయ్యి అందించింది.

"నువ్వూ లోపలికి రా" అంది ఆవిడ. "ఏం మాట్లాడక్కర్లేదు. ఊరికే పక్కన ఉండు చాలు."

ఇద్దరూ ఒకే శాలువలో, అడుగులు తడబడుతూ, లోపలికి వెళ్ళారు.