పళ్ళెంతో పాటు తిరిగే ప్రశ్న

భర్త మొక్రాన్ పోయిన నలభయ్యో రోజు గడిచాక వచ్చిన మొదటి శుక్రవారం, వెర్దియా పొద్దున్నే గోధుమ రవ్వ తడిపి మట్టి పెనం మీద రెండు రొట్టెలు కాల్చింది. ఒకటి ఆరాధనలో విరిచి పంచే ప్రభువు బల్లకు. రెండోది ఆరాధన అయ్యాక అందరూ ఆలివ్ నూనెలో అద్దుకుని తినడానికి. అలవాటుగా చెయ్యి మూడో రొట్టె తట్టబోయింది. అది మొక్రాన్‌ది. పెనం దగ్గరే నిలబడి వేడివేడిగా తినేవాడు. మిగిలిన పిండి మీద మూత పెట్టి ఆమె చేతులు కడుక్కుంది.

సంఘం కూడేది వాళ్ళ ఇంటి వెనక ఉన్న పాత నూనె గానుగలో. గానుగ రాయే బల్ల. జీతం తీసుకునే పాస్టర్ లేడు, గంట లేదు. ముప్ఫైమంది మనుషులు, నాలుగు బెంచీలు. మొక్రాన్ సంఘ పెద్దగా ఉన్న పదకొండేళ్ళలో ఆ తలుపుకు గడియ పడలేదు. ఎవరైనా రావచ్చు, పాడవచ్చు, వాదించవచ్చు. రొట్టె మాత్రం యేసే ప్రభువని నోటితో ఒప్పుకుని బాప్తిస్మం పొందినవాళ్ళకే. ఆ ఒప్పుకోలు కోసం మొక్రాన్ తండ్రి మాటను పోగొట్టుకున్నాడు. చనిపోయేదాకా ఆ తండ్రి కొడుకుతో మాట్లాడలేదు. తల్లి జూహర్ మాత్రం, తాను బాప్తిస్మం తీసుకోకపోయినా, ప్రతి శుక్రవారం వచ్చి ముందు బెంచీ మీద కొడుకు కళ్ళెదుట కూర్చునేది.

మొక్రాన్ మంచం పట్టాక పెద్దరికం, రొట్టె పంచే పళ్ళెం అక్లి చేతికి వచ్చాయి. అక్లి పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. కిందటి నెల ఎవరో కొత్త కుర్రవాడు పళ్ళెంలోంచి ముక్క తీసుకుని, నవ్వుతూ నములుతూ ఫోనులో తనను తానే వీడియో తీసుకున్నాడు. ఆ రోజు నుంచీ అక్లికి నిద్ర లేదు.

ఆ ఉదయం పాటలు అయ్యాక అతను లేచి నిలబడ్డాడు.

"నేను ఎవర్నీ గెంటట్లేదు. రొట్టె విరిచే పది నిమిషాలు బాప్తిస్మం కానివాళ్ళు వాకిట్లో కూర్చుంటే చాలు. అంతే నేను అడిగేది."

"బయట మంచు పడుతోంది అన్నా," అన్నాడు మందుల షాపు యూనెస్. "జూహరమ్మని మంచులో కూర్చోబెట్టి లోపల ప్రేమ గురించి పాడదామా?"

"గొడుగు ఇస్తాను."

"అదెందుకు, అందరికీ రొట్టే ఇచ్చేద్దాం. ఆపడానికి మనమెవరం?"

"అయితే నీ షాపులో చీటీ చూడకుండా అందరికీ అన్ని మాత్రలూ ఇచ్చేస్తున్నావన్న మాట. అందుకేనేమో మా ఆవిడ బీపీ తగ్గట్లేదు."

కొందరు నవ్వారు. యూనెస్ నవ్వలేదు. ఈ రోజు తేలకపోతే వచ్చే వారం నుంచి ఆరు కుటుంబాలు తన ఇంట్లో కూడుకుంటాయని మెల్లగా చెప్పాడు.

వెర్దియా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇద్దరి మాటా ఆమెకు దెబ్బలాగే తగిలింది. అక్లి మాట నెగ్గితే అత్తగారు వాకిట్లోకి వెళుతుంది, ఆ తర్వాత మళ్ళీ రాదు. మొక్రాన్ పేరు చెప్పుకుని ఏడవడానికి ఆమెకు మిగిలిన మనిషి ఆవిడ ఒక్కతే. యూనెస్ మాట నెగ్గితే, తండ్రి మౌనాన్ని మొక్రాన్ అన్నేళ్ళు మోసింది దేనికో చెప్పలేరు. లేచి ఏదో చెప్పాలి.

"ఒరేయ్ అక్లీ," అంది జూహర్. ఎనభై దాటిన ఆవిడకు ఆ గదిలో అందరూ ఒరేయ్‌లే. "నేను బయటికి వెళ్ళను. నీ రొట్టె కూడా తినను. రెండూ నా ఇష్టం మీదే."

"అమ్మా, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం విన్నాను. వీడి ఉద్దేశం కూడా విన్నాను. నువ్వు నన్ను అడక్కుండా పంపేస్తానంటున్నావు, వీడు అడక్కుండా పెట్టేస్తానంటున్నాడు. నన్ను అడిగిన వాడు నా కొడుకు ఒక్కడే."

"ఏమని అడిగేవాడు అత్తయ్యా?" అడిగింది వెర్దియా.

"పళ్ళెం నా దగ్గరికి తెచ్చి వంగేవాడు కదా. మీరంతా నా తల ముద్దు పెట్టుకోవడానికి అనుకున్నారు. చెవిలో అడిగేవాడు. 'అమ్మా, ఆయన నీకు ప్రభువా?' అని. 'ఇంకా కాదు బిడ్డా' అనేదాన్ని. అప్పుడు ముద్దు పెట్టేవాడు. పదకొండేళ్ళు, ఒక్క వారం మానలేదు. వాడు నా చేతిలో అబద్ధం పెట్టలేదు, నన్ను వదిలిపెట్టనూ లేదు." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు మంచం పట్టినప్పటి నుంచీ పళ్ళెం నా ముందు నుంచి గాలిలా పోతోంది."

అక్లి చేతిలోని పళ్ళెం వైపు చూశాడు.

"నాకు తెలీదమ్మా. నాకెప్పుడూ చెప్పలేదు." తర్వాత బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి పళ్ళెం వెర్దియా ముందు పట్టాడు. "ఇవాళ ఇది నీ చేతిలో ఉండాలి."

"నా వల్ల కాదన్నా."

"నా వల్లా కాలేదు. చూశావుగా."

వెర్దియా లేచింది. రొట్టె విరిచి పళ్ళెంలో పెట్టింది. మొదట అత్తగారి దగ్గరికి వెళ్ళి వంగింది. "అత్తయ్యా, ఆయన నీకు ప్రభువా?"

"ఇంకా కాదు బిడ్డా."

వెర్దియా ఆ నెరిసిన తల ముద్దు పెట్టుకుంది. తర్వాత వరసగా బెంచీలు. యూనెస్ "అవును" అన్నాడు. అక్లి కూడా అన్నాడు. వెనక బెంచీ మీద ఒక పొరుగాయన "ఆలోచిస్తున్నానమ్మా" అన్నాడు. ఆయనకూ తల వంచి ముందుకు నడిచింది.

చివరి బెంచీ అంచున అక్లి భార్య మల్హా. తొమ్మిదేళ్ళుగా తీసుకుంటున్న మనిషి, అప్పటికే చెయ్యి చాపింది. సంఘ పెద్ద భార్యను ఎవరు అడుగుతారు? కానీ వెర్దియా బడిలో హాజరు పిలిచేటప్పుడు ఒక్క పేరూ దాటని పంతులమ్మ.

"మల్హక్కా, ఆయన నీకు ప్రభువా?"

మల్హా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది నన్నెవరూ అడగలేదు," అంది.

"అదేంటే?" అన్నాడు అక్లి. "మన బాప్తిస్మం ఓరాన్ వెళ్ళినప్పుడు సముద్రంలో అయిందిగా."

"నీది అయింది. నేను ఒడ్డున నిలబడి నీ తువ్వాలు పట్టుకున్నాను. ఇక్కడికి తిరిగి వచ్చాక నువ్వు 'మన బాప్తిస్మం' అన్నావు, సంఘం వాళ్ళు రాసుకున్నారు. ఇంటాయన మాట ఇచ్చాక ఆడదాన్ని వేరే అడిగే ఊరు కాదుగా మనది. పెట్టారు, తిన్నాను. తిన్న ప్రతిసారీ దొంగిలించినట్టు ఉండేది."

బాప్తిస్మం కానివాళ్ళను వాకిట్లోకి పంపాలన్న మనిషి బెంచీ మీద కూలబడ్డాడు. అతన్ని చూసి నవ్వబోయిన యూనెస్ అతని ముఖం చూసి ఆగిపోయి, పక్కకు జరిగి భుజం మీద చెయ్యి వేశాడు.

మల్హా లేచి నిలబడింది. అంతమందిలో ఆమె గొంతు వినడం అదే మొదలు.

"అవును. ఆయన నాకు ప్రభువు. మా ఆయనకు అయినందుకు కాదు, నాకే." పళ్ళెం మెల్లగా వెనక్కి నెట్టింది. "ఇది ఇవాళ వద్దు. నీళ్ళలో మునిగాక తింటాను. వాగు దగ్గరికి ఎప్పుడు తీసుకెళతారు?"

"నీళ్ళు మంచులా ఉంటాయి," అన్నాడు అక్లి.

"ముప్ఫై చలికాలాలు ఆ నీళ్ళలోనే నీ చొక్కాలు ఉతికాను."

"అయితే వచ్చే శుక్రవారం." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "తువ్వాలు నేను పట్టుకుంటాను."

అప్పుడు ముందు బెంచీ మీంచి కూత లేచింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే సన్నటి, పొడుగాటి ఆనందపు కూత. మొక్రాన్ పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ పెట్టనిది. పెట్టింది జూహర్. బాప్తిస్మం తీసుకోని ముసలమ్మ, మల్హా బాప్తిస్మం కోసం, నోటిలో మిగిలిన నాలుగు పళ్ళ మధ్య నుంచి. రెండోసారి పెట్టినప్పుడు మిగతా ఆడవాళ్ళు కలిశారు. మూడోసారి గానుగ కప్పు అదిరింది. యూనెస్ వెంట పోదామనుకున్న ఆరు కుటుంబాల ఆడవాళ్ళూ అందులో ఉన్నారు.

కూత ఆగాక జూహర్ కోడలి చెయ్యి పట్టుకుని లాగింది. "వచ్చే వారం కూడా అడుగుతావుగా?"

"అడుగుతాను అత్తయ్యా. నువ్వేం చెప్పినా అడుగుతాను."

ఆ రోజు ఎవరూ ముందుగా ఇంటికి వెళ్ళలేదు. రెండో రొట్టె చాలలేదు. వెర్దియా వంటింట్లోకి వెళ్ళి, పిండి గిన్నె మీద మూత తీసి, మట్టి పెనాన్ని మళ్ళీ మంట మీద పెట్టింది.