నలభై గ్రాముల బన్ను

మా ఆవిడ మోకాలికి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు ఎనిమిది కిలోలు తగ్గాలన్నాడు డాక్టరు. మూడు నెలలు గడువు. తగ్గకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది. అప్పటికే మూడో అంతస్తు నుంచి దిగడానికి ఆమెకు అరగంట పట్టేది. ఎక్కడానికి ఇంకా ఎక్కువ. అందుకని దిగడమే మానేసింది.

ఆస్పత్రిలో తిండి సంగతి చూసే నర్సు ఒక కాగితం రాసిచ్చింది. మూడు పూటలా కూరగాయల సూపు, దాంతో ఓట్స్ బన్ను ఒకటి. వెన్న వద్దు, పంచదార వద్దు. నా చదువు మూడో తరగతితో సరి. కాగితం మా ఆవిడే చదివింది.

"బన్ను నలభై గ్రాములట."

"బన్ను ఎంతుండాలో నాకు చెబుతోందా ఆ పిల్ల?" అన్నాను.

నలభై రెండేళ్లు బేకరీలో పనిచేశాను. పిండిముద్దలోంచి బన్నుకు సరిపడా తుంచడానికి నాకు కాటా అక్కర్లేదు. రోజుకు వెయ్యి తుంచినా ఒకదానికీ ఒకదానికీ తేడా ఉండదు. ఓనరు కొత్తవాళ్లకు నా చెయ్యి చూపించి, "అదిగో మన కాటా" అనేవాడు. అంతకుమించి నన్నెవరూ పొగడలేదు.

ఓట్స్ పిండి మాట వినదు. ఓట్స్‌ని వేడినీళ్లలో నానబెట్టి, చల్లారాక గోధుమపిండి, ఈస్టు, ఉప్పు, రెండు చెంచాల పెరుగు వేసి పిసికితే వేళ్లకు జిగురులా పట్టుకుంటుంది. తడిగుడ్డ కప్పి గంటసేపు వదిలేస్తే పొంగుతుంది, అదీ మొక్కుబడిగా. ఓవెన్లోంచి తీసి అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి. మొదటి వాయి మోగలేదు. రెండోది మోగింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"అట్టముక్క సూపులో ముంచుకున్నట్టుంది."

"అయితే మానెయ్."

"మానేస్తే పొద్దస్తమానం మీరేం చేస్తారు? నా మొహం చూస్తూ కూచుంటారా?" అని తినేసింది.

నెల తిరిగేసరికి రెండు వందల గ్రాములు తగ్గింది. అంతే. నాకు అనుమానం పట్టుకుంది. డబ్బాల మూతలు తీసి చూశాను. దిండు కింద కూడా చూశాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నేను బజారుకెళ్లినప్పుడు ఏం తింటున్నావే?"

"గాలి."

"గాలి తిన్నా ఒళ్లు తగ్గదేం మరి? కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లివి నువ్వు."

ఆ పూట సూపు తాగింది, బన్ను ముట్టలేదు.

రెండో నెల తూకానికి నా భుజం పట్టుకునే మెట్లు దిగింది. కాటా మీద నిలబడితే ఇంకో మూడు వందల గ్రాములు తగ్గిందని తేలింది. నర్సు నిట్టూర్చింది.

"పెద్దమ్మా, నిజం చెప్పు. చాటుగా ఏం లాగిస్తున్నావ్?"

"అదే నేనూ అడుగుతున్నా," అన్నాను.

మా ఆవిడ నావైపు చూడలేదు. మధ్యాహ్నానికని గుడ్డలో చుట్టి తెచ్చుకున్న బన్ను సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది.

"నేను తినేది ఇదమ్మా. నన్ను తూచింది చాలు, దీన్ని తూచు."

నర్సు దాన్ని చిన్న కాటా మీద పెట్టింది. ఎనభై మూడు.

"తాతా, ఇది ఒక బన్ను కాదు. రెండు!"

"బేకరీ బన్ను ఇంతే ఉంటుంది."

"పెద్దమ్మ మోకాలు బేకరీది కాదుగా తాతా!"

మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

నలభై రెండేళ్లు తుంచిన తూకమే నా చెయ్యి తుంచింది. నలభై అన్న మాట చెవిన పడింది గానీ చేతిదాకా పోలేదు. రోజుకు మూడు తినవలసిన మనిషికి ఆరు తినిపించి, దొంగతిండి తింటున్నావని ఆమెనే అన్నాను.

మర్నాడు ఒక చిన్న కాటా కొన్నాను. తుంచి పెడితే తొంభై రెండు. తగ్గించి తుంచాను. ఎనభై ఎనిమిది. గిల్లాను, అతికాను, మళ్లీ గిల్లాను. పిండి నలిగి చచ్చింది.

"ఇటు తెండి," అంది కుర్చీలోంచి.

నా పిండి మీద ఎవర్నీ ఎప్పుడూ చెయ్యి వెయ్యనివ్వలేదు. గిన్నె తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. తుంచింది. నలభై ఒకటి. ఇంకోటి తుంచింది. ముప్ఫై తొమ్మిది. ఆమె తుంచినవి నేను గుండ్రంగా చేశాను.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"ఏ రోజు?"

"తెలుసుగా."

"తెలుసు," అంది. "ఇంతకీ ఉప్పు వేశారా?"

గడువు నాటికి మొత్తం మూడు కిలోలు తగ్గింది. ఐదు మిగిలాయి. తేదీ ఇంకొకరికి ఇచ్చేశారు. మమ్మల్ని ఇంకో మూడు నెలలు ఆగమన్నారు.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగింది. నేనూ ఆగాను.

"ఈ పాటికి నీకు ఆపరేషన్ అయిపోయేది," అన్నాను. "నా వల్లే..."

"మాటలు పైకెళ్లాక. ముందు ఊపిరి తీసుకోనివ్వండి."

చాలాసేపు నిలబడ్డాం. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ఇంకో మెట్టు ఎక్కింది. పైకి ఇంకా పదిహేను ఉన్నాయి.