పేరు రాయని చీటీ

రేపటి బల్లకి గ్లాసులు కడుగుతుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినిపించింది. అంచులు సరిగ్గా తుడవమని, పోయినసారి ఒకదానికి మరక ఉందని పెద్దలన్నారని. బొటనవేలంత గ్లాసులు, వంద. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల రోజున సంఘమంతా వాటిలోనే ద్రాక్షరసం తాగుతుంది. పదహారేళ్ళుగా వాటిని కడిగేది నేనే. రొట్టె చేసేది నేనే, బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసేదీ నేనే. ఈసారి ఒక్కటే తేడా. ఆ రొట్టె నేను ముట్టుకోకూడదు, ఆ రసం తాగకూడదు. నన్ను బల్లకి దూరంగా ఉంచారు. కడిగే పనికి మాత్రం దూరం చెయ్యలేదు. నేను తాగితే గ్లాసు అపవిత్రమవుతుందట, నేను కడిగితే శుభ్రమవుతుందట. ఇదేం న్యాయమో ఆ పైవాడికే తెలియాలి.

నేను చేసిన పాపం, ఒక చీటీ రాయడం.

మా మందిరం గుమ్మం పక్కన ఒక చెక్క పెట్టె ఉంటుంది. ఎవరి బాధ వాళ్ళు కాగితం ముక్క మీద రాసి అందులో వేస్తారు. పేరు రాయనక్కర్లేదు. శుక్రవారం ఉపవాస కూటంలో సంఘ పెద్దల్లో ఒకరు ఆ పెట్టె తెరిచి, చీటీలు ఒక్కొక్కటే పైకి చదివి ప్రార్థన చేయిస్తారు. ఉద్యోగం రాని కొడుకు, తగ్గని మోకాలి నొప్పి, తాగుడు మానని అల్లుడు, ఇవే ఉంటాయి. మా ఆయనా పెద్దల్లో ఒకరు. ఆయన వంతు వచ్చిన వారం నేనెందుకు రాస్తాను, నాకేమన్నా పిచ్చా? ఆ వారం వంతు రిటైరైన లెక్కల మాస్టారిది. సరిగ్గా ఆ రోజే ఆ పెద్దాయనకి జ్వరం తగిలింది. మా ఆయన లేచి వెళ్ళి పెట్టె తాళం తీశారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను.

నాలుగో చీటీ నాది. ఆయన గొంతు బాగుంటుంది, ఏది చదివినా వాక్యం చదివినట్టే ఉంటుంది. "అయ్యా, నా భర్త సంఘంలో ప్రార్థన చేయిస్తారు. ఇంట్లో చెయ్యి చేసుకుంటారు. ఏది ఆత్మో ఏది శరీరమో నాకు తెలియకుండా పోతోంది. నా కోసం ప్రార్థించండి." ఒక్క అక్షరం తడబడలేదు. నా చేతిరాత ఆయనకి తెలియదని నాకప్పుడే తెలిసింది. పదహారేళ్ళలో నేను రాసింది ఆయనెప్పుడు చదివారు గనక? చదివాక కళ్ళు మూసుకుని, ఆ తెలియని సహోదరి కోసం ఏడుస్తూ ప్రార్థన చేశారు. ఆ మూర్ఖుణ్ణి విరగ్గొట్టు ప్రభువా అన్నారు. ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఉన్నమాట చెప్పొద్దూ, నాకు లోపల పండగ చేసుకున్నంత సంబరంగా ఉంది. ఆయన నోటితోనే ఆయన్ని తిట్టించానని. మా సంఘం భాషలో చెప్పాలంటే ఆ సంబరం దేవుడి ఆత్మది కాదు, పాపపు శరీరానిదే. దాచుకోను.

ఒక్క క్షణం మాత్రం ఆశపడ్డాను, ఆయనకి తగిలిందేమోనని. ఆ ఏడుపు నాకోసమేనేమోనని. ఇంటికి నడుస్తుంటే ఆయన నిట్టూర్చి, "ఎవరో పాపం. మన సంఘంలో ఇలాంటి మగాళ్ళు కూడా ఉన్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారు. ఇంట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున దొరికిపోయాను. చదివిన చీటీలు ఇంటికి తెచ్చుకుని వారమంతా వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థించడం పెద్దలకి అలవాటు. ఆయన మోకాళ్ళ మీద ఉండగా గాలికి నా చీటీ తిరగబడింది. వెనకవైపు ఆసుపత్రి లాండ్రీ పేరు అచ్చువేసి ఉంది. అక్కడే నేను పనిచేస్తాను. వార్డుల్లోంచి వచ్చిన దుప్పట్లు లెక్కచూసి మిషన్లలో వేయించే పని. చేతికందిన కాగితం చింపి రాసేశాను, వెనక ఏముందో చూడకుండా. ఆయన ఆ రోజు నన్ను కొట్టలేదు. పాస్టరు గారికి ఫోను చేశారు. ఆ వారంలోనే పెద్దలు కూర్చుని నన్ను బల్లకి దూరంగా ఉంచాలని తీర్మానించారు.

అసలు ఆ చీటీ రాయించింది ఒక చెంపదెబ్బ. ఒకటేనా అంటే కాదు, కానీ దాని సంగతి వేరు. ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆదివారానికి ప్రసంగం రాసుకుంటున్నారు. అంశం ఆశానిగ్రహం. నేను వెళ్ళి, అమ్మాయి స్కూలు ఫారం మీద సంతకం పెట్టమని అడిగాను. రెండోసారి అడిగాను. మూడోసారి అడిగే అవసరం లేకుండా చెయ్యి లేచింది. చెవిలో గుయ్యిమని మోత. తరవాత ఆయనే దగ్గరకొచ్చి అదే చెయ్యి నా తలమీద పెట్టి, "నాలో శరీరాన్ని లేపేది నువ్వే. నిన్ను నువ్వు సరిచేసుకో" అని నా కోసం ప్రార్థన చేశారు. ఆయన శరీరం లేస్తే తప్పు నాదట, ఆయన ఆత్మ లేస్తే గొప్ప ఆయనదట. ఆదివారం ఆ ప్రసంగం చాలా బాగా వచ్చిందని అందరూ కరచాలనం చేశారు. నేనూ తలూపాను.

మా ఇంట్లో ఈ రెండు మాటలూ ఎప్పుడో పంచేసుకున్నారు. ఆయన అరిస్తే ఆత్మావేశం, నేను గొంతు పెంచితే శరీరం. ఆయన మధ్యాహ్నం పడుకుంటే దేవుడిచ్చిన విశ్రాంతి, నేను నడుం వాలిస్తే సోమరితనం. మా అత్తగారయితే కోరికన్నదే శరీరమంటారు. ఒకసారి బజార్లో నీలం రంగు చెప్పులు చూసి ఆగానని ఇంటికొచ్చి గంటసేపు లోకాశల గురించి చెప్పారు. ఈ చీటీ గొడవ తెలిశాక ఆవిడ అన్నది ఒకటే, "మా కాలంలో పెట్టెలెక్కడివే? మా కడుపులే పెట్టెలు. వేసి మూసేసుకున్నాం." ఆ మాటంటూ ఆవిడ నా మొహం చూడలేదు. ఆవిడ కడుపులో ఎన్ని చీటీలున్నాయో అడగాలనిపించింది, అడగలేదు. ఇక పన్నెండేళ్ళ మా అమ్మాయి. మొన్న టీచరు తిట్టిందని చెబుతూ, "అమ్మా, అది ఆత్మ కోపమా, శరీర కోపమా?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

లాండ్రీలో నా పేరు స్తోత్రమ్మ. ఎవరేమన్నా స్తోత్రం అనేస్తానని పెట్టారు. మా సూపర్‌వైజరు ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ పని నా నెత్తినే వేస్తాడు. "నువ్వయితే కాదనవు, దేవుడి మనిషివి" అంటాడు. నాకది పొగడ్తగా ఉండేది. అక్కడ ఆవిరిలో చెమటలు కక్కుతూ రక్తం మరకల దుప్పట్లు విడదీస్తూ, చూశావా ప్రభువా, నాలో ఎంత దీర్ఘశాంతమో అని మురిసిపోయేదాన్ని. ఇంట్లో దెబ్బ తిని నోరు మెదపకుండా అన్నం వడ్డించినప్పుడూ అదే మురిపెం. ఇలాంటి భార్య అందరికీ మాదిరి అని సంఘంలో అంటే ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. అది శాంతమెక్కడిది? సగం భయం, సగం మంచిదాన్ననిపించుకోవాలన్న యావ. ఇన్నేళ్ళూ నేను చంపుకున్నాననుకున్న శరీరం ఆ యావలో కూర్చుని శుభ్రంగా తిని బలిసింది.

గ్లాసులు తుడిచి ట్రేలో బోర్లిస్తుండగా పాస్టరు గారి భార్య వచ్చింది. అందరం అమ్మగారు అంటాం. నెమ్మదస్తురాలు. చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. రేపు బల్లకి ముందు నేను నిలబడి చదవాల్సింది. ఆ చీటీ శరీర కోపంతో రాశాను, అందులో నిజం లేదు, దేవుని సేవకుణ్ణి నిందించాను, క్షమించండి. నాలుగే వాక్యాలు, గుండ్రటి అక్షరాలు. చదివితే నన్ను మళ్ళీ బల్లకి చేర్చుకుంటారు, అంతా మామూలే. చదవకపోతే మాకు సంఘంలో చోటుండదు, ఆయన పెద్దరికం పోతుంది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు వేరే చుట్టాలు లేరు. పురుడు పోసింది, జ్వరమొస్తే గంజి తెచ్చిచ్చింది, మా అమ్మ పోతే నన్ను పట్టుకుని కూర్చుంది ఆ మందిరంలోని ఆడవాళ్ళే.

"ఇందులో నిజం లేదని ఎలా చదవనమ్మా? అది కూడా బల్ల ముందు?" అన్నాను.

అమ్మగారు ఒక గ్లాసు తీసుకుని, తుడిచిందే మళ్ళీ తుడిచింది. "చదివేస్తే అయిపోతుంది తల్లీ. గొంతు ఒక్క వాక్యం దగ్గరే పట్టేస్తుంది. నేనూ ఒకసారి చదివాను" అంది.

ఎప్పుడని అడిగితే గ్లాసు ట్రేలో పెట్టింది. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా నాతో నేనే పోట్లాడాను. అబద్ధం చదివి ఆ రొట్టె నోట్లో పెట్టుకుంటే అది ఆత్మని దుఃఖపెట్టడమే, అందులో నాకు అనుమానం లేదు. పోనీ నిజం చెబుదామంటే, ఏ మనసుతో చెబుతాను? నాలో ద్వేషం ఉంది. ఆయన చెయ్యి చచ్చుబడిపోవాలని ఎన్నిసార్లో అనుకున్నాను, ఆ చేతికి గ్లాసు అందిస్తూనే అనుకున్నాను. అందరి ముందూ ఆయన తల దించుకోవాలని ఉంది. పగతో చెప్పిన నిజం శరీర కార్యం కాదా? బట్టలు మడతపెడుతూ మోకాళ్ళూనాను, ముందు ఈ ద్వేషం తీసెయ్యి ప్రభువా, అప్పుడే చెబుతానన్నాను. చాలాసేపు ఆగాను. పోలేదు. అప్పుడు నాకే ఒళ్ళు మండింది. కోపం పూర్తిగా చల్లారాకే నిజం చెప్పాలంటే ఏ ఆడదీ ఎప్పటికీ నిజం చెప్పదు. కొట్టినవాణ్ణి ప్రార్థన చెయ్యడానికి చెయ్యి కడుక్కుని రమ్మని ఎవరూ అడగలేదు, నన్నే అన్నీ కడుక్కుని రమ్మంటున్నారు. ద్వేషం సంగతి నేనూ దేవుడూ తరవాత చూసుకుంటాం అనుకుని లేచి, మిగిలిన బట్టలు మడతపెట్టాను.

ఆదివారం పాటలయ్యాక పాస్టరు గారు నన్ను పిలిచారు. మా ఆయన ముందు వరసలో ఉన్నారు, క్షమించడానికి సిద్ధంగా, మొహమంతా ప్రేమ పులుముకుని. అత్తగారు తల వంచుకుని ఉన్నారు. అమ్మాయి నావైపే చూస్తోంది. మైకు చల్లగా తగిలింది. కాగితం మడత విప్పలేదు.

"ఆ చీటీ రాసింది నేను. అందులో ఉన్నది నిజం. నేను ఒప్పుకోవాల్సిన పాపం వేరే ఉంది. ఏటా మా పెళ్ళిరోజుకి ఇక్కడే నిలబడి, మా ఇంట్లో శాంతి సమాధానాలు ఉన్నాయని సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం. ఏడాదికొకసారి చెప్పాను, మీరందరూ స్తోత్రం అన్నారు."

పాస్టరు గారు బైబిలు పేజీలు తిప్పుతున్నారు. అమ్మగారు ఒళ్ళో రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. మా ఆయనే ముందు తేరుకున్నారు. లేచి చెయ్యి పైకెత్తి, "కళ్ళు మూసుకుందాం, ప్రార్థన చేద్దాం" అన్నారు. మా సంఘంలో ఆ మాటకి ఎదురులేదు. గొడవైనా, ప్రశ్నైనా, ఏడుపైనా ఆ మాటతో ఆగిపోతుంది. అందరి తలలూ వంగాయి. ఈ సహోదరిలోని శరీరాన్ని గద్దించు ప్రభువా అని ఆయన మొదలుపెట్టారు, అదే గొంతు, ఎక్కడా వణుకు లేదు.

అందరిలా నేనూ తల వంచుకోవచ్చు. కూర్చోవచ్చు. ఎప్పుడూ అదే చేశాను. భయం ఉంది, ద్వేషం అలాగే ఉంది, ఏదీ ఎక్కడికీ పోలేదు. అయినా వాటి అడుగున నెమ్మదిగా ఉంది, ఇన్ని ఉపవాసాలు చేసినా నాకెప్పుడూ దొరకని నెమ్మది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"కళ్ళు తెరవండి," అన్నాను. "నేనింకా చెప్పడం పూర్తి చెయ్యలేదు."