శామీర్‌పేట కింద ఉప్పల్

దోమల బ్యాటు ప్లగ్గులోంచి తీసి పక్కన పెట్టినందుకు ఆ పొద్దున మధుసూదన్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఛార్జింగ్ పెట్టినదాన్ని ఎవలు పీకిన్రు?"

"నేనే పీకిన," అంది సుప్రజ, పోపులో కరివేపాకు వేస్తూ. "కంప్యూటర్‌కున్నది గా ఒక్క ప్లగ్గే. రాత్రంత పెట్టినా నిండలేదంటే అది బ్యాటు కాదు, ఎండిన బోరు."

"రాత్రంత ఎక్కడ? నడుమల కరెంటు పోలేదా?"

"పది నిమిషాలు పోయింది."

"పావుగంట!"

హాల్లో కింద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్న జయమ్మ తలెత్తకుండానే, "పదా, పదిహేనా అని పంచాయితి బెట్టుండ్రి. నేను పెద్దమనుషులను పిలుసుకొస్త," అంది. కొడుకూ కోడలూ ఇద్దరూ నోరు మూసుకున్నారు.

సుప్రజకు కంప్యూటర్‌తో పనేం లేదు. పని కూతురిది. అశ్రిత నిన్న సాయంత్రం వెటర్నరీ డిప్లొమాకు దరఖాస్తు నింపి పంపింది. ఇప్పుడు దాన్ని కాగితం మీద తీసి దాచుకోవాలి. ఇంటి వెనక కొట్టంలో జయమ్మ బర్రెలు రెండున్నాయి. రెండేళ్ల కిందట ఈనేటప్పుడు కడుపులో దూడ అడ్డం తిరిగితే, ఒక డాక్టరమ్మ వచ్చి, భుజం దాకా చెయ్యి పెట్టి, దాన్ని సరిచేసి బయటికి లాగింది. ఆ రోజు నుంచీ అశ్రిత నోట వేరే చదువు మాట లేదు.

ప్రింటరు గరగరమని కాగితాన్ని బయటికి తోసింది. ఆ వెంటనే "అమ్మా!" అని అశ్రిత పెట్టిన కేకకు సుప్రజ స్టవ్ ఆపేసి గరిటెతోనే వచ్చింది.

కోర్సు అన్నచోట ఫిషరీస్ అని ఉంది.

"నేను వెటర్నరీయే పెట్టిన అమ్మా. ఒట్టు. నా కండ్లతోని సూసి పెట్టిన."

మధుసూదన్ కాగితం లాక్కుని చూశాడు. "మరి కంప్యూటరే చేపల సదువు కావాల్నన్నదా? నేను పక్కనే కూసున్న గద, నాకన్న చెప్పొద్దా సరిగ్గ సూడుమని? ఒక్క ఫారం సక్కగ నింపనీకి రాదు, హాస్టల్ల ఒక్కదానివి ఏమి బతుకుతవ్? నిన్న నేను హాస్టల్ వద్దని పెట్టించింది ఇందుకే."

"చేపలా?" జయమ్మ చాకు ఆపింది. "మన చెర్ల చేపలు పట్టనీకి మూడేండ్ల సదువెందుకే? నేనే గాలం కొనిస్త."

ఆ మాటకు అశ్రిత నవ్వలేదు. కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని తెర మీద అక్షరాలు చదివింది. సవరణకు ఒక్కసారే అవకాశం. గడువు ఈ రోజు సాయంత్రం ఐదు. మళ్లీ తప్పు పడితే ఇక దిద్దుకోవడమన్నది లేదు.

మధుసూదన్ మేడ్చల్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే సందీప్‌కు ఫోన్ చేశాడు. "కంప్యూటర్ పాతదైతె గట్లనే జేస్తది అన్నా, ఇటు తీసుకరా," అన్నాడతను. "ఇగ పదండ్రి, మేడ్చల్ బోదాం," అని మధుసూదన్ కారు తాళాల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"జర ఆగండి," అంది సుప్రజ.

డిగ్రీలో ఆమె కెమిస్ట్రీ చదివింది. వాళ్ల ల్యాబు మేడం చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ వంటింట్లో కూడా పనికొస్తూనే ఉంది: ఫలితం తేడా వస్తే గాజు సామాను మీద తప్పు వేయకండి, మళ్లీ మొదటినుంచీ అదే వరుసలో చేయండి. సుప్రజ కాగితాన్ని బల్ల మీద పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో గీతా వేలుపెట్టి చదివింది. పేరు సరే. తండ్రి పేరు సరే. జిల్లా సరే. మండలం దగ్గర వేలు ఆగిపోయింది.

"అశ్రితా, మనం ఉప్పల్‌కు ఎప్పుడు పోయినం బిడ్డా?"

"ఉప్పలా?"

మండలం అన్నచోట ఉప్పల్ ఉంది. అశ్రిత గబగబా ఫారం తెరిచి ఆ పెట్టె మీద నొక్కింది. మండలాల పేర్లు వరుసగా కిందికి జారాయి. చివరనుంచి రెండోది వాళ్ల మండలం, శామీర్‌పేట. దాని కింద ఉప్పల్. కోర్సు పెట్టె తెరిస్తే అక్కడా అంతే, వెటర్నరీ కిందనే ఫిషరీస్.

"రెండింటికి రెండూ ఒక్కొక్క పేరు కిందికి దిగినయి," అంది సుప్రజ. "కండ్లు తప్పితే ఒకటి పైకి, ఒకటి కిందికి పోతది. గిట్ల లెక్కబెట్టినట్టు దిగది. నిన్న మీరిద్దరు ఎట్ల కూసున్నరో అట్లనే కూసోండ్రి. ఏమేం జేసిన్రో మల్ల జేయుండ్రి."

"గిదేం పరీక్షనే! ఉన్నది ఒక్క చాన్సు..."

"సబ్మిట్ నొక్కేదాక చాన్సు పోదు. మీరు కూసోండ్రి."

సుప్రజ గొంతు పెంచదు. పెంచనప్పుడే మధుసూదన్‌కు ఎదురు చెప్పడం చేతకాదు. కూతురి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అశ్రిత ముందు జిల్లా ఎంచుకుంది, తర్వాత మండలం దగ్గర శామీర్‌పేట మీద నొక్కింది. పెట్టె చుట్టూ సన్నటి నీలం గీత వెలిగింది.

"నిన్న ఇప్పుడు ఏం జరిగింది?"

"ఏం జరగలే. నాయిన కింద ఏమున్నదో సూస్తనన్నడు. కోర్సు కాడ గూడ గట్లనే అన్నడు."

అది మధుసూదన్‌కు ఎముకల్లో ఉన్న అలవాటు. ఇరవై ఏళ్లుగా భూములు కొని ప్లాట్లు చేసి అమ్ముతున్న మనిషి. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగు భాగం చూస్తాడు. సర్వే నంబరు తప్పుంటే కోర్టులో సరిచేసుకోవచ్చు, కింద ఏముందో చూడకుండా సంతకం పెడితే పొలమే పోతుందంటాడు.

"అయితే సూడుండ్రి," అంది సుప్రజ.

మధుసూదన్ చెయ్యి చాపి, కూతురి వేళ్ల మీదుగానే మౌస్ చక్రాన్ని ఒక గిర్రు తిప్పాడు. పేజీ కదల్లేదు. "మొండిది," అని మౌస్‌ను పక్కకు జరిపి మళ్లీ తిప్పాడు. ఈసారి పేజీ జరజరా కిందికి పోయింది.

సుప్రజ చూసింది పేజీని కాదు, ఆ మొదటి గిర్రును. "ఇగ పైకి తేండ్రి," అంది మెల్లగా.

పేజీ పైకి వచ్చింది. మండలం: ఉప్పల్.

అశ్రితే ముందు తేరుకుంది. పెట్టెను మళ్లీ శామీర్‌పేటకు తెచ్చి, బాణం గుర్తు దాని మీదే ఉంచి, చక్రాన్ని తనే ఒక్క గిర్రు తిప్పింది. ఉప్పల్. వెనక్కి తిప్పింది. శామీర్‌పేట.

"నీలం గీత ఉన్నంత సేపు పెట్టె మన చేతుల్నే ఉన్నట్టు," అంది సుప్రజ. "పేజీని తిప్పుతున్నం అనుకుంటున్నం, తిరుగుతాంది పెట్టె. ఒకటి ఎంచుకోంగనే పక్కన తెల్లగున్న జాగల నొక్కు. గీత పోయినంక తిప్పి సూడు."

అశ్రిత అలాగే చేసింది. పేజీ కిందికి పోయి పైకి వచ్చింది. శామీర్‌పేట శామీర్‌పేటలాగే ఉంది. కోర్సు దగ్గరా అంతే. వెటర్నరీ కదల్లేదు. ఇంకా నమ్మకం కుదరక నాలుగుసార్లు తిప్పి చూసింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలింది. సుప్రజకు అప్పుడే తన చేతిలో ఇంకా గరిటె ఉందని తెలిసింది.

"అయితే తప్పు జేసింది పోరి కాదన్నట్టు," అంది జయమ్మ, బీరకాయ పొట్టు పోగు చేస్తూ. "పరేషాన్ జేసింది నువ్వేనా కొడుకా?"

మధుసూదన్ తన చూపుడు వేలి వంక చూసుకున్నాడు. "నాకేమెర్క గది గట్ల తిరుగుతదని," అని గొణిగాడు. సందీప్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు. కారణం మాత్రం చెప్పలేదు.

అశ్రిత ఫారం అంతా మరోసారి సరిచూసింది. హాస్టల్ అన్నచోట రెండు గుండ్రాలున్నాయి, అవసరం, అవసరం లేదు. రెండోదానిలో చుక్క ఉంది. అది చక్రానికి తిరిగేది కాదు. నిన్న తండ్రి చెబితే తనే నొక్కింది. కాలేజీ సిద్దిపేట దిక్కున. పొద్దున పోతే సాయంత్రం రావచ్చు, రాజీవ్ రహదారి మీద బస్సులకేం తక్కువ అన్నాడు నాయిన. పోనూ రానూ నాలుగు గంటలు. అశ్రిత ఆ గుండ్రం వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసింది.

"ఇప్పుడే సబ్మిట్ నొక్కకు," అంది సుప్రజ. "ఐదు దాక టైమున్నది. ముందు అన్నం తిందాం."

బీరకాయ పప్పు, పచ్చిపులుసు. నలుగురూ తింటున్నారు. మధుసూదన్ రెండు ముద్దలు తిని, మూడో ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. జయమ్మ గిన్నె అతని వైపు జరిపింది. అతను వడ్డించుకోలేదు.

"ఫారం నింపరాదు, హాస్టల్ల ఏముంటవని పొద్దున అన్న," అన్నాడు కంచంలోకి చూస్తూ.

"అన్నవ్," అంది జయమ్మ.

"నింపిందైతె సక్కగనే నింపింది."

అశ్రిత చెయ్యి నోటి దగ్గరే ఆగింది. సుప్రజ మాట అందించలేదు. ఈ మాట అతని నోటినుంచే పూర్తిగా రావాలి.

"బస్సులల్ల దినాం నాలుగు గంటలు ఊగుకుంట పోయినోళ్లు ఇంటికొచ్చి ఏం సదువుతరు?" మధుసూదన్ తలెత్తి కూతుర్ని చూశాడు. "అన్నం తిన్నంక హాస్టల్ అవసరమని మార్చు బిడ్డా. సబ్మిట్ గూడ నువ్వే నొక్కు. నేను అవుతల గదిల కూసుంట."